లేని వేలికి ఉంగరం

"మీ ఆయన ఎప్పుడైనా బాపట్లలో ఆస్పత్రిలో చేరాడా?"

"లేదమ్మా."

"గుంటూరులో? విజయవాడలో?"

"యాడా లేదమ్మా. ఇదే మొదలు. మిల్లులో బెల్టు పడి వేళ్లు తెగిన రోజు కూడా కట్టు కట్టించుకుని రాత్రికి ఇంటికొచ్చేశాడు."

ఖాజాబీ జవాబులు టకటకా చెబుతోంది. అది నాకు నచ్చలేదు. మొగుడు చావుబతుకుల్లో ఉన్న మనిషి ఏదడిగినా ముందు ఏడుస్తుంది, తర్వాత చెబుతుంది. ఈవిడ ముందు చెప్పేసి, తర్వాత నా మొహం చూస్తోంది.

బుధవారం, ఉదయం తొమ్మిదిన్నర. తెనాలిలో ఓ నర్సింగ్ హోమ్ మొదటి అంతస్తు వరండాలో ఇనప బెంచీ మీద కూర్చున్నాం. అద్దాల తలుపు అవతల ఆవిడ భర్త మీరా మొహిద్దీన్ పడుకుని ఉన్నాడు. యాభై నాలుగేళ్లవాడు, రేపల్లెలో బియ్యం మిల్లు ఫిట్టరు. మెడలోంచి గుండెలోకి ఒక తీగ దింపారు. దాని రెండో కొస మంచం పక్కనున్న చిన్న పెట్టెలో ఉంది. ఆ పెట్టె కొడితేనే ఆయన గుండె కొడుతోంది. అది నాలుగు రోజుల ముచ్చట. అసలు మిషను ఛాతీలో పెట్టాలి. పెట్టే డాక్టరు గుంటూరు నుంచి బుధవారం ఒక్కరోజే వస్తాడు, సాయంత్రం ఆరు వరకే ఉంటాడు. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఐదింటి లోపల మంజూరు ఫ్యాక్స్ వస్తేనే మిషను అమ్మేవాడు పెట్టె విప్పుతాడు. వచ్చే బుధవారం దాకా ఈ తీగ ఆగుతుందని తను పూచీ ఇవ్వలేనని డాక్టరు చెప్పేశాడు.

నాలుగేళ్లుగా మీరా మొహిద్దీన్ ఒక్క ఏడూ తప్పకుండా పాలసీ కట్టాడు. ఏడాదికి రెండు లక్షల వరకు వైద్యం. నిన్న కంపెనీ నుంచి వచ్చిన జవాబు మాత్రం ఇది: ఈ ఏడాదికి మీకు మిగిలింది పద్నాలుగు వేలు, తక్కినది అక్టోబరులో బాపట్లలో మీ హెర్నియా ఆపరేషనుకి వాడేసుకున్నారు.

నా పేరు హైమావతి. పదహారేళ్లు నర్సుగా చేశాను. చెయ్యని ఇంజెక్షన్ చేసినట్టు రాయమన్న డాక్టరుతో గొడవపడి బయటికొచ్చి, ఎనిమిదేళ్లుగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుని బతుకుతున్నాను. తెనాలిలో డిటెక్టివ్ దగ్గరికి పెళ్లి సంబంధాల వాకబుకే వస్తారు. ఈమధ్య ఆస్పత్రి బిల్లులు పట్టుకుని కూడా వస్తున్నారు. కాబోయే అల్లుడి కంటే ఆస్పత్రి బిల్లే ఎక్కువ అబద్ధాలాడుతుందని నా అనుభవం.

"టీ తాగండక్కా." ఖాజాబీ తమ్ముడు అబూబకర్ ఫ్లాస్కు మూత విప్పి గ్లాసులో పోశాడు. రేపల్లెలో ఆటో నడుపుతాడు. ఎడమచేతి ఉంగరపు వేలికి నీలంరాయి వెండి ఉంగరం. బావ మంచాన పడ్డ దగ్గర్నుంచి ఈ వరండాలోనే పడుకుంటున్నాడని నర్సులు మెచ్చుకుంటున్నారు.

"అక్టోబరు పన్నెండున మీ బావ ఎక్కడున్నాడు?"

"మిల్లులోనే అక్కా. రంజాన్ నెల అది. రోజా ఉండి కూడా పనికెళ్లాడు." అతను గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు.

అది నిజమే. నిన్న నేను రేపల్లె వెళ్లి మిల్లు హాజరు పట్టీ చూసి వచ్చాను. బాపట్ల కాగితాలు చూడటానికి ఖాజాబీ నుంచి ఒక అనుమతి పత్రం కావాలి. ముందే రాసి తెచ్చాను. ఆవిడ కుడి బొటనవేలికి సిరా రాసి నొక్కింది. ముద్ర మధ్యలో అడ్డంగా సన్నటి తెల్లగీత పడింది.

"ఇదేంటమ్మా?"

"చేపలు కోస్తంటే కత్తిపీటకి తెగిందమ్మా. చిన్నప్పుడు."

లోపలికి వెళ్లాను. మీరా మొహిద్దీన్ నవ్వాడు. నవ్వితే ఆయాసం వస్తోంది, అయినా మానడు.

"మిల్లులో మోటారు కాలితే నేను కట్టేవోణ్ణమ్మా. ఇప్పుడు నాకే మోటారంట."

"ఎడమచెయ్యి చూపించండి."

ఉంగరపు వేలు, చిటికెన వేలు మొదలుకంటా లేవు. తొంభై ఎనిమిదిలో పోయాయి. పాలసీ తీసుకున్నప్పటి దరఖాస్తులో గుర్తింపు చిహ్నం కింద అదే రాశారు.

"ఈ రెండు వేళ్లూ పోయినప్పుడు అప్పు చేసి కట్టించుకున్నామమ్మా. అప్పుడే అనుకున్నా, ఇంకోసారి రోగానికి అప్పు చెయ్యకూడదని. బీడీలు మానేసి ప్రీమియం కట్టా. వానొచ్చాక గొడుగు కొంటానంటే వానాగుద్దా?" ఆయన తలుపు వైపు చూశాడు. "కార్డు మా ఖాజా దగ్గరే ఉంటది. నేనైతే యాడన్నా పారేస్తా. అదైతే బీరువాలో ఖురాన్ పక్కన పెడతది."

బయటికి రాగానే విజయసారథి ఎదురయ్యాడు. కంపెనీ తరఫున బిల్లులు తనిఖీ చేసే అధికారి. పేషెంటు చచ్చినా ఇస్త్రీ మడత నలగని మనిషి.

"ఏంటి హైమావతిగారూ, మళ్లీ మీరేనా?"

"మీరున్నచోట నేనుండక తప్పదుగా. రెండు వేళ్లు లేని మనిషికీ పది వేళ్లున్న మనిషికీ తేడా తెలియని కంపెనీ మీది."

"కాయితం ఏం చెబితే కంపెనీ అదే వింటుందండి. కాయితం అబద్ధమాడదు."

"ఆడించేవాళ్లుంటే ఆడుతుంది. పదహారేళ్లు రాసినదాన్ని, నాకు చెప్పకండి."

"అయితే బాపట్లలో పడుకున్నది ఈయన కాదంటారు. మరెవరు?"

"కనుక్కుంటాను."

"కనుక్కోండి. దయచేసి కనుక్కోండి." అతను పక్కకి తప్పుకుని నాకు దారిచ్చాడు.

ఆ 'దయచేసి' నన్ను బాపట్ల దాకా పొడుస్తూనే ఉంది. రైలు పొన్నూరు దాటాక పాలసీ నిబంధనలు మళ్లీ తీసి చదివితే అర్థమైంది. కార్డు ఎవరో దొంగిలించి వాడితే ఆ ఖర్చు కంపెనీది. ఇంట్లోవాళ్లే ఇచ్చి వాడుకోనిస్తే మాత్రం పాలసీయే రద్దు, మిగిలిన పద్నాలుగు వేలు కూడా రావు. బీరువాలో ఖురాన్ పక్కన పెట్టిన కార్డుని దొంగ ఎలా తీస్తాడు? నేను నిజం తేల్చకపోతే నుయ్యి, తేలిస్తే గొయ్యి. విజయసారథి రెండూ తవ్వి పెట్టుకుని నాకు దారిచ్చాడు.

బాపట్ల ఆస్పత్రికి చేరేసరికి పన్నెండు కావస్తోంది. వార్డు పెద్ద సిస్టర్ సీతారావమ్మ నాకంటే పదేళ్లు పెద్దది. గుంటూరులో నాకు మొదటిసారి సూది పట్టడం నేర్పింది ఆవిడే. అనుమతి పత్రం చూసి రికార్డు గది తలుపు తీసింది.

"ఫైలు చూసుకో. నన్నేమీ అడగమాకు. నాకింకా పద్నాలుగు నెలల సర్వీసుంది."

మీరా మొహిద్దీన్ ఫైలు లావుగా ఉంది. హెర్నియాకి అంత లావు ఫైలు నేనెప్పుడూ చూడలేదు. అక్టోబరు పన్నెండు ఉదయం ఆరున్నరకి చేరిక, ఇరవై మూడున డిశ్చార్జి. పదకొండు రోజులు, అందులో ఏడు ఐసీయూలో. బిల్లు లక్షా ఎనభై ఆరు వేలు. జ్వరం పట్టిక చూశాను. పదకొండు రోజుల పాటు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఒకే పెన్ను, ఒకే చేతివ్రాత. మూడు డ్యూటీలూ ఒకే నర్సు చేసిందంటే ఆవిడైనా దేవత అవ్వాలి, పట్టికైనా దొంగది అవ్వాలి.

కానీ చేతివ్రాత చూపిస్తే విజయసారథి నవ్వుతాడు. గట్టిది కావాలి. నేను నర్సుగా ఆలోచించడం మొదలుపెట్టాను. ఆపరేషనుకి తీసుకెళ్లే ముందు ఏం చేస్తాం? గాజులు, గొలుసులు, కట్టుడు పళ్లు, ఉంగరాలు తీయించి ఒక పుస్తకంలో రాసి భద్రపరుస్తాం, తిరిగి అప్పజెప్పినప్పుడు సంతకం తీసుకుంటాం. రేపు ఎవరైనా నా గొలుసు పోయిందంటే నర్సు జీతంలోంచి కోస్తారు కాబట్టి, మిగతావన్నీ అబద్ధం రాసినా ఆ పుస్తకం మాత్రం ఎవరూ అబద్ధం రాయరు. దొంగ బిల్లులు రాసే పెద్దమనుషులకి అలాంటి పుస్తకం ఒకటుందని కూడా తెలియదు.

"అక్కా, వస్తువులు రాసే పుస్తకం కావాలి."

సీతారావమ్మ వరండాలో అటూ ఇటూ చూసింది. తర్వాత మందుల బీరువా వెనక నుంచి అట్ట ఊడిన పుస్తకం తీసి బల్ల మీద పడేసింది. "నేనివ్వలేదు. నువ్వు తీసుకున్నావు."

అక్టోబరు పన్నెండు, ఉదయం ఏడూ పది. మీరా మొహిద్దీన్, హెర్నియా. ఎడమచేతి ఉంగరపు వేలి నుంచి నీలంరాయి వెండి ఉంగరం ఒకటి. తీసి భద్రపరచడమైనది.

లేని వేలికి ఉంగరం. ఆ ఉంగరాన్ని నేను పొద్దున టీ పోసిన చేతికి చూశాను.

ఆ వరసలోనే కుడిపక్కన చూశాను. అక్టోబరు పద్నాలుగు, ఉదయం పదిన్నర. ఉంగరం తిరిగి అప్పగించడమైనది, రోగి ఇంటికి వెళ్లిపోయాడు. అంటే అబూబకర్ ఉన్నది రెండు రోజులు. బిల్లు పదకొండు రోజులకి. ఇరవై వేలతో అయ్యే ఆపరేషను వంకన ఆస్పత్రివాళ్లు ఆ కార్డుని అడుగంటా పిండేశారు.

ఇంకో కాగితం ఫైలు చివర్న ఉంది. కంపెనీ తనిఖీ నివేదిక. 'అక్టోబరు 18, ఉదయం 11.20. రోగిని మంచం మీద స్వయంగా చూశాను, మాట్లాడాను. గుర్తింపు సరిపోయినది. బిల్లు న్యాయమైనది.' కింద సంతకం విజయసారథిది.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంకో పేజీ తిప్పేదాకే ఉంది.

ఆపరేషనుకి ఒప్పుకోలు పత్రం. రోగి తరఫున, భార్య. పక్కన వేలిముద్ర. నా సంచిలోంచి ఖాజాబీ పొద్దున ఇచ్చిన అనుమతి పత్రం తీసి పక్కన పెట్టాను. రెండు ముద్రల్లోనూ మధ్యలో అడ్డంగా అదే సన్నటి తెల్లగీత.

"ఆవిడ నాకు గుర్తుందే హైమా," అంది సీతారావమ్మ వెనక నుంచి. "పేగు చిక్కుకుని ఆయన గావుకేకలు పెడుతున్నాడు. ఏమవుతావమ్మా అని రెండుసార్లు అడగాల్సొచ్చింది. తర్వాత భార్యనంది. అన్నప్పుడు ఆ మనిషి అంత నొప్పిలోనూ మొహం గోడకేసి తిప్పేసుకున్నాడు. మొగుడూ పెళ్లాలకి పడదేమోలే అనుకున్నా."

తమ్ముణ్ణి బతికించుకోవడానికి అక్క వాడి పక్కన నిలబడి పెళ్లాన్నని చెప్పింది. నాకు ఆవిడ మీద కోపమా, జాలా అంటే రెండూ కలిసే వచ్చాయి.

ఉంగరం పేజీ, తనిఖీ నివేదిక జిరాక్స్ తీయించాను. ఒప్పుకోలు పత్రం తీయించలేదు. ఫైలు ఎలా ఉందో అలా కట్టేసి స్టేషనుకి పరుగెత్తాను. రెండున్నర రైలు గంటసేపు ఆలస్యం.

తెనాలి చేరేసరికి నాలుగూ ముప్పై ఐదు. వరండాలో ఫ్లాస్కు ఉంది, అబూబకర్ లేడు. ఖాజాబీ నేల మీద కూర్చుని ఉంది. కుడిచేతి బొటనవేలు కొంగులో దాచుకుంది. కొంగుకి ఊదారంగు సిరా అంటింది.

"ఏం చేశావమ్మా?"

"ఆ సారు అన్నీ తెలుసన్నాడమ్మా. నిజం చెబితే ఇప్పుడే డబ్బులిప్పిస్తానన్నాడు. చెప్పకపోతే జైలన్నాడు. చెప్పేశా." ఆవిడ బొటనవేలు కొంగుకేసి రుద్దుకుంది. "మా తమ్ముడు చచ్చిపోతాడన్నారమ్మా ఆ రోజు. ఇరవై వేలు కడితేనే కత్తి పడతామన్నారు. ఇంట్లో కార్డేమన్నా ఉందా, ఆ పేరు చెప్పెయ్యమని ఆస్పత్రి కౌంటర్లో కూర్చున్నాయనే అన్నాడు. రేషన్ కార్డు లాంటిదేగా అనుకున్నా. ఈ నెల సరుకు తెచ్చేసుకుంటే ఒకటో తారీఖుకి మళ్లీ వస్తదిగా. ఇది ఏడాదికొక్కసారే ఇస్తారని నాకెవరు చెప్పారమ్మా?"

నాలుగేళ్లు ప్రీమియం కట్టించుకున్నవాడెవడూ చెప్పలేదు. ఆ పాలసీ పుస్తకం ఆవిడ చదవలేని ఇంగ్లీషులో ఉంది.

"మీ తమ్ముడేడి?"

"నాలుగింటి రేపల్లె ప్యాసింజరుకి ఎళ్లిపోయాడమ్మా. బావకి మొహం చూపించలేనన్నాడు."

విజయసారథి కాగితాలు సర్దుకుంటూ నర్సుల బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"మీకు శ్రమ తప్పించానండి. వాంగ్మూలం, మూడూ పదికి. రోగి మంచం దగ్గరే తీసుకున్నాను."

"ఆయన వింటుండగానా?"

"వినాలి కదండీ. పాలసీ ఆయన పేరు మీదేగా."

ఈ మనిషికి పెళ్లాం పిల్లలు ఉన్నారు. ఇంటికెళ్లి అన్నం తింటాడు. ఎలా తింటాడో నాకు తెలియదు.

"ఒక్క మాట. అక్టోబరులో మీరు బాపట్ల వెళ్లి రోగిని చూశారా?"

"చూడకుండా సంతకం పెట్టను."

"పద్దెనిమిదో తారీఖున?"

"అవునండి. పొద్దున పదకొండూ ఇరవైకి. మంచం మీదే ఉన్నాడు. కులాసాగా మాట్లాడాడు కూడా."

"ఏ మంచం మీద? అతను పద్నాలుగునే ఇంటికెళ్లిపోయాడు."

ఉంగరం పేజీ అతని ముందు పెట్టాను. చదివాడు. మళ్లీ చదివాడు. ఇస్త్రీ చొక్కా చంకల్లో తడిసింది.

"ఖాళీ మంచాన్ని పలకరించి లక్షా ఎనభై ఆరు వేలు న్యాయమని రాశారు. ఈవిడ తప్పు చేసింది ఇరవై వేలకి. మిగతాది ఎవరెవరు పంచుకున్నారో మీ హైదరాబాదు ఆఫీసే తేల్చుకుంటుంది. ఆ వాంగ్మూలం ఫైలులో పడితే దాని వెనకే ఇదీ పడుతుంది. గోడ మీద గడియారం చూడండి. నాలుగూ నలభై నాలుగు."

"ఏం చెయ్యమంటారు?" గొంతు మారింది.

"బాపట్ల బిల్లు మీద అనుమానం ఉంది, విచారణ తేలేదాకా ఈ పాలసీలో అది లెక్కలోకి రాదని మీరే రాయండి. మీ కలానికి అలవాటేగా."

నాలుగూ యాభై రెండుకి ఫ్యాక్స్ వెళ్లింది. నాలుగూ యాభై ఎనిమిదికి మంజూరు వచ్చింది. విజయసారథి వాంగ్మూలాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకుని, జిరాక్స్ కోసం చెయ్యి చాపాడు.

"ఇస్తానని నేనెప్పుడన్నాను?"

అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "బాపట్లవాళ్లు నా అంత నెమ్మదస్తులు కాదు హైమావతిగారూ. ఆ పుస్తకం మీకెవరు చూపించారో వాళ్లకి తెలియడానికి ఒక్క ఫోను చాలు."

సీతారావమ్మ పద్నాలుగు నెలల సర్వీసు గుర్తొచ్చింది. కానీ ముందు లోపలున్న మనిషి గుండె. విజయసారథిని అక్కడే వదిలేసి లోపలికి నడిచాను.

లోపల ఆపరేషనుకి అంతా సిద్ధంగా ఉంది. గుంటూరు డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. నర్సు ఒప్పుకోలు పత్రం అట్టకి పెట్టి, పెన్ను తెరిచి నిలబడింది. మీరా మొహిద్దీన్ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"మంజూరొచ్చిందండి. సంతకం పెట్టండి."

ఆయన ఇటు తిరగలేదు. పెట్టె మాత్రం టిక్కు టిక్కుమంటోంది.

"ఒక్క సంతకమండి. డాక్టరుగారు ఆరింటికి వెళ్లిపోతారు."

"ఆ రోజు నేను రోజా ఉన్నానమ్మా," అన్నాడు నెమ్మదిగా. "మిల్లులో ధాన్యం ఎత్తే ఎలివేటరు బెల్టు మారుస్తన్నా. మంచినీళ్లు కూడా తాగలా. తమ్ముడికి కడుపునొప్పి, ఆస్పత్రికి తీసుకెళ్తన్నా అని తెల్లారకముందే చెప్పి ఎళ్లింది. ఇఫ్తారుకి నేనే గంజి కాచుకున్నా. పోనీలే, తోడబుట్టినోడు కదా అనుకున్నా. కార్డడిగితే నేనే ఇద్దును. అడగాల్సింది."

"ఆవిడకి తెలియక చేసింది."

"కార్డు సంగతి తెలవదమ్మా. అది ఒప్పుకుంటా." ఆయన ఇటు తిరిగాడు. కళ్లు తడిగా లేవు, అదే నన్ను భయపెట్టింది. "నాలుగు రోజుల్నుంచి నా పక్కనే కూర్చుందిగా. నిన్న డబ్బులు ఏమయ్యాయో తెలియక నేను కంపెనీని తిడతంటే, అది కూడా నాతో కలిసి తిట్టిందమ్మా."

తలుపు దగ్గర ఖాజాబీ నిలబడి ఉంది. లోపలికి రావడం లేదు, వెళ్లిపోవడం లేదు.

నర్సు అట్ట ఇంకొంచెం ముందుకి జరిపింది. "మీరు పెట్టలేకపోతే మీ భార్య పెట్టినా సరిపోతుందండి."

మీరా మొహిద్దీన్ ఆ కాగితం వైపు చూశాడు. మూడు వేళ్ల ఎడమచెయ్యి ఎత్తి దాన్ని మెల్లగా పక్కకి తోసేశాడు. పెన్ను కిందపడి మంచం కిందకి దొర్లింది.

"దానికి ఇంకో ముద్ర ఎందుకమ్మా? మీరా మొహిద్దీన్ ఆపరేషను అక్టోబరులోనే బాపట్లలో అయిపోయింది. భార్య వేలిముద్ర కూడా పడింది." ఆయన చెయ్యి మెడ దగ్గర తీగ మీదికి వెళ్లింది. "ఇక ఇది తీసెయ్యమని డాక్టరుగారికి చెప్పండి. ఆరున్నర ప్యాసింజరుకి నేను రేపల్లె ఎళ్లాలి."